ఏడు సీట్ల ఎస్‌యూవీకి ట్రైలర్ తగిలించి కొలరాడో కొండలెక్కొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ దగ్గర ఏడు సీట్ల ఎస్‌యూవీ ఉంది, 7,700 పౌండ్లు లాగుతుందని బ్రోషర్‌లో ఉంది. మీరు చూసి వచ్చిన ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) ఖాళీ బరువు 5,600 పౌండ్లు, మోడల్ పేరులో 25 అని ఉంది. జులైలో మీరిద్దరూ, ఇద్దరు పిల్లలూ, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలూ కలిసి డెన్వర్ నుంచి ఐ-70 మీద కొండల్లోకి, అక్కణ్ణుంచి వయోమింగ్ మీదుగా ఎల్లోస్టోన్ దాకా వెళ్ళాలనుకుంటున్నారు. "ఇంకా రెండు వేల పౌండ్లు మిగులుంది కదా, సరిపోతుందా?" అని అడిగారు.

లాగుతుంది. సరిపోదు. డీలర్ దగ్గర మీకు మొదటి మాటే చెప్పి ఉంటారు, నాకూ అదే చెప్పారు. పదకొండేళ్ళుగా ట్రైలర్ లాగుతున్నాను, మొదటి రెండేళ్ళు మీలాంటి లెక్కతోనే తిరిగాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. చదవడానికి పది నిమిషాలు పడుతుంది.

ముందు ఆ 7,700 సంగతి. కార్ల కంపెనీలు ఈ అంకెని ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం ప్రకారం తేలుస్తాయి. అందులో ఒక పరీక్ష అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర పదకొండు మైళ్ళ పైచిలుకు ఎత్తు మీద జరుగుతుంది. మండే ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, బండి గంటకి 40 మైళ్ళకి తగ్గకుండా ఎక్కాలి. పరీక్ష నిజంగానే గట్టిది. కానీ బండిలో ఎంతమంది ఉంటారని అనుకుంటారో తెలుసా? డ్రైవరు, పక్కన ఒకరు, ఒక్కొక్కరూ 150 పౌండ్లు. అంతే. వెనక సీట్లలో పిల్లలు లేరు, మూడో వరసలో అమ్మానాన్న లేరు, డిక్కీలో కూలర్ లేదు. మీరు ఎక్కించే ప్రతి మనిషీ, ప్రతి సామానూ ఆ 7,700 లోంచి కొంత తినేస్తాయి.

అందుకని ఆ అంకెని పక్కన పెట్టి డ్రైవర్ తలుపు తెరవండి. తలుపు ఫ్రేమ్ మీద పసుపు అంచున్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది, టైర్ల గాలి వివరాలు ఉండేది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని దాని మీద ఒక వాక్యం కనిపిస్తుంది. అదే పేలోడ్. ఒకే మోడల్ అయినా సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, లెదర్ సీట్లు ఉన్న బండికి ఈ అంకె తక్కువగా ఉంటుంది, కాబట్టి ఇంటర్నెట్‌లో వెతక్కండి, మీ బండి తలుపే చూడండి. మీలాంటి బండ్లలో నేను చూసినవి 1,400 నుంచి 1,600 మధ్య ఉన్నాయి. లెక్క కోసం 1,480 అనుకుందాం.

ట్రైలర్ ఖాళీగా 5,600 అన్నారు. ఖాళీగా ఎవరూ వెళ్ళరు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, గిన్నెలు, దుప్పట్లు, మడత కుర్చీలు, తిండి, ట్యాంకులో కాసిని నీళ్ళు, ఎంత పొదుపుగా సర్దినా వెయ్యి పౌండ్లు దాటుతుంది. మీది నిండేసరికి 6,800 అవుతుందనుకోండి. అందులో 10 నుంచి 15 శాతం బరువు ముందుకొచ్చి హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం మీద, కూర్చుంటుంది, కూర్చోవాలి కూడా. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. పన్నెండున్నర శాతం వేసుకుంటే 850 పౌండ్లు. హిచ్ సామగ్రి బరువు ఇంకో 90. మొత్తం 940 మీ పేలోడ్ లోంచి పోయింది. మిగిలింది 540. నలుగురు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు కలిపి 760 అవుతారు. అంటే కూలర్ ఎక్కించకముందే, నీళ్ళ సీసా పెట్టకముందే మీరు 220 పౌండ్లు దాటిపోయారు. ట్రైలర్ బరువులో ఇంకా వెయ్యికి దగ్గరగా మిగులు కనిపిస్తూనే ఉంది, బండి మాత్రం అప్పటికే నిండిపోయింది.

"టంగ్ వెయిట్ తగ్గించేస్తే సరి కదా, సామానంతా వెనక్కి సర్దుతాను" అని మీకు తట్టొచ్చు. నాకూ తట్టింది. మా తాత వింటే నవ్వేవాడు. ఎద్దుల బండి తోలినవాళ్ళకి ఇది చిన్నప్పుడే తెలుస్తుంది. బస్తాలు ఇరుసుకి వెనక ఎక్కువైతే కాడి పైకి లేచిపోతుంది, ఎద్దుల మెడ మీద పట్టుండదు, బండి ఎటు పడితే అటు ఊగుతుంది. ముందు మరీ ఎక్కువైతే ఎద్దుల మెడలు కాయలు కాస్తాయి. కాడి మీద తగినంత మోపు ఉండాలి. ట్రైలర్‌కీ అంతే. టంగ్ వెయిట్ 10 శాతం కంటే తగ్గితే గంటకి 60 మైళ్ళ వేగంలో, పక్కనుంచి పెద్ద ట్రక్ గాలి కొట్టినప్పుడు ట్రైలర్ తోక ఆడించడం మొదలుపెడుతుంది. వెనక బంపర్‌కి నాలుగు సైకిళ్ళు తగిలించేవాళ్ళని చూస్తే అందుకే నాకు భయం. బరువైనవన్నీ ఇరుసుల మీద, ఇరుసులకి కొంచెం ముందు, కింద నేల మీద పెట్టండి.

ఒకవేళ అలా ఊగడం మొదలైతే ఏం చేయాలో ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించే టైమ్ ఉండదు. బండి బ్రేక్ తొక్కకండి. స్టీరింగ్ అటూఇటూ తిప్పి సరిచేయబోకండి, నిటారుగా పట్టుకోండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకుల్ని నడిపేది, డ్రైవర్ చేతికి అందేలా ఉంటుంది) మీదున్న చిన్న మీటని చేత్తో నొక్కండి. అది ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేస్తుంది, వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టు ట్రైలర్ వరసలోకి వస్తుంది. ఆ మీట ఎక్కడుందో చూడకుండా చెయ్యి వెళ్ళేలా ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడే పదిసార్లు ప్రాక్టీస్ చేయండి. మా ఆవిడకి కూడా నేర్పాను. పక్క సీట్లోంచి తనకీ చెయ్యి అందుతుంది.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అని డీలర్ ఇంకోటి అమ్ముతారు. కొనండి, ఈ బరువుకి తప్పదు. వెనక చక్రాల మీద పడ్డ బరువుని స్ప్రింగ్ కడ్డీలతో కొంత ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ ఇరుసులకీ పంచుతుంది, స్టీరింగ్ తేలిపోకుండా చూస్తుంది. కానీ "ఇది పెడితే పేలోడ్ పెరుగుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. పంచుతుందే తప్ప స్టిక్కర్ మీది అంకెని మార్చదు.

ఇప్పుడు అసలు విషయం, కొండలు.

కొత్తవాళ్ళందరూ ఎక్కడం గురించే టెన్షన్ పడతారు. ఎక్కలేకపోతే ఏమవుతుంది? నెమ్మదిగా వెళ్తారు. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తులో ఉంది, ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,158 అడుగుల దాకా వెళ్తుంది. అక్కడికి చేరేసరికి మీ ఇంజిన్లో మూడో వంతు గుర్రాలు ఇంటికెళ్ళిపోయి ఉంటాయి. టర్బో ఉంటే ఈ నష్టం చాలా తక్కువ. ఎలా ఉన్నా కుడివైపు లేన్‌లో, ట్రక్కుల వెనక, గంటకి 40 మైళ్ళలో, హజార్డ్ లైట్లు వేసుకుని వెళ్ళండి. ఇంజిన్ 4,500 ఆర్‌పీఎమ్ దగ్గర అరుస్తుంటే కంగారు పడకండి, దాన్ని అలా తయారు చేశారు. చూడాల్సింది టెంపరేచర్ ముల్లు. అది పైకి పాకుతుంటే ఏసీ ఆపి, కిటికీలు దించి, హీటర్ ఫుల్‌గా పెట్టండి. జులైలో హీటర్ అంటే పిల్లలు గోల చేస్తారు, అయినా ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది.

ప్రాణం మీదికొచ్చేది దిగేటప్పుడు. ఆ టన్నెల్ పడమర దిక్కున బయటికొచ్చాక సిల్వర్‌థార్న్ ఊరిదాకా దాదాపు ఎనిమిది మైళ్ళు, 7 శాతం వాలు. ఎత్తులో రెండు వేల అడుగులకి పైగా దిగుతారు. నా రెండో సీజన్‌లో నేను చేసిన పని చెప్తాను. టన్నెల్ దాటగానే ఎక్కడం అయిపోయిందని ఊపిరి పీల్చుకుని, గేర్ డి లోనే ఉంచి, వేగం పెరిగినప్పుడల్లా బ్రేక్ మీద కాలు ఆనించి దిగుతున్నాను. మూడు మైళ్ళు వెళ్ళేసరికి కాలిన రబ్బరు లాంటి వాసన. పిల్లలు ముక్కు మూసుకున్నారు. ముందు ట్రక్‌దేమో అనుకున్నాను. ఇంకో మైలుకి పెడల్ మెత్తబడింది, తొక్కితే లోపలికి పోతోంది గానీ బండి పట్టట్లేదు. గేర్ రెండుకి లాగితే ఇంజిన్ కేక పెట్టి కాస్త అదుపులోకొచ్చింది. కుడి పక్కకి తీసి ఆపి చూస్తే ముందు చక్రాల్లోంచి పొగ. ట్రైలర్ చక్రాల దగ్గర చెయ్యి పెడితే చల్లగా ఉన్నాయి! కంట్రోలర్ సెట్టింగ్ చాలా తక్కువలో ఉంది. అంటే దాదాపు ఆరు వేల పౌండ్ల ట్రైలర్‌ని కూడా నా బండి బ్రేకులే ఆపుతూ వచ్చాయి. నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నాం. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ భయమేసింది.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. దిగుడు మొదలవకముందే, కొండ అంచు దాటకముందే వేగం 45కి తగ్గించి, టో-హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేర్ సెట్టింగ్) వేసి, గేర్ కిందికి దించుతాను. ఎక్కడానికి ఏ గేర్ కావాలో దిగడానికీ అదో, అంతకంటే ఇంకోటి కిందదో. ఇంజినే బండిని పట్టి ఉంచాలి. అయినా వేగం 50 దాటితే బ్రేక్ గట్టిగా, మూడు నాలుగు సెకన్లు తొక్కి, 40కి తెచ్చి పూర్తిగా వదిలేస్తాను. మళ్ళీ 50 అయ్యేదాకా కాలు పెడల్ దగ్గరికి వెళ్ళదు. మెల్లగా ఎప్పుడూ ఆనించి ఉంచితే బ్రేకులకి చల్లబడే సందు ఉండదు. గట్టిగా తొక్కి వదిలేస్తే ఉంటుంది. వెనక కార్లు హారన్ కొడతాయి, కొట్టనివ్వండి. బ్రేక్ ఆయిల్ రెండు మూడేళ్ళుగా మార్చకపోతే బయల్దేరేముందు మార్పించండి. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది, తేమ చేరితే తక్కువ వేడికే మరిగి ఆవిరవుతుంది. నా పెడల్ మెత్తబడింది అందుకే. ఇంకో మాట, రోడ్డు పక్క కంకర పోసిన రనవే ట్రక్ ర్యాంప్‌లు ట్రక్కులకి మాత్రమే అనుకోకండి. బ్రేకులు పోతే అవి మీకోసం కూడా. ట్రైలర్ పాడవుతుంది, మీరు దిగి నడుస్తారు.

బ్రేక్ కంట్రోలర్ సెట్ చేసుకోవడం పది నిమిషాల పని. ఖాళీ పార్కింగ్ లాట్‌లో, ట్రైలర్ నిండా సామానుతో, గంటకి 20-25 మైళ్ళలో వెళ్తూ చేతి మీట పూర్తిగా నొక్కండి. ట్రైలర్ చక్రాలు లాక్ అయి జారేదాకా గెయిన్, అంటే ట్రైలర్ బ్రేకుల పట్టు, పెంచుతూ పోండి, జారిన చోటినుంచి కొంచెం తగ్గించండి. అదే మీ సెట్టింగ్. బరువు మారితే, వాన పడితే మళ్ళీ చూసుకోవాలి. మామూలుగా బ్రేక్ తొక్కినప్పుడు ట్రైలర్ వెనకనుంచి నెట్టినట్టూ ఉండకూడదు, వెనక్కి గుంజినట్టూ ఉండకూడదు.

టైర్ల విషయం తొందరగా ముగిస్తాను గానీ తేలిగ్గా తీసుకోకండి. ట్రైలర్ టైర్లు అరగక ముందే ముసలివైపోతాయి. పక్కన డీఓటీ అని రాసున్న కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. ఆరేళ్ళు దాటితే గీతలు ఎంత లోతుగా ఉన్నా మార్చేయండి. చల్లగా ఉన్నప్పుడు ట్రైలర్ స్టిక్కర్ మీద రాసినంత గాలి కొట్టండి. చాలా ట్రైలర్ టైర్లు గంటకి 65 మైళ్ళ వేగం కోసం చేసినవే, మీ టైర్ మీద ఎంతుందో చూసుకోండి. చక్రం విప్పి బిగించాక మొదటి 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి టార్క్ రెంచ్‌తో నట్లు మళ్ళీ బిగించండి.

దారి విషయంలో ఫోన్ మ్యాప్ మాట వినకండి. దానికి మీ వెనక ట్రైలర్ ఉందని తెలియదు. మీరు ఎల్లోస్టోన్ అన్నారు కాబట్టి చెప్తున్నా, ఐడహో వైపు నుంచి జాక్సన్‌కి టీటన్ పాస్ మీదుగా దగ్గర దారి చూపిస్తుంది. అక్కడ 10 శాతం వాలు ఉంది, శీతాకాలంలో ట్రైలర్లని అసలు రానివ్వరు. వేసవిలో అనుమతి ఉన్నా మీ బండితో వద్దు, ఆల్పైన్ మీదుగా స్నేక్ నది వెంట చుట్టు తిరిగి రండి. వయోమింగ్‌లోనే బిగ్‌హార్న్ కొండలు దాటడానికి మూడు దారులున్నాయి. వాటిలో యూఎస్ 14ఏ మీద కూడా 10 శాతం వాలు ఉంది, ట్రైలర్ ఉంటే బఫెలో నుంచి టెన్ స్లీప్ వెళ్ళే యూఎస్ 16 మంచిది. తర్వాతెప్పుడైనా గ్లేసియర్ పార్క్ అనుకుంటే, గోయింగ్ టు ద సన్ రోడ్డు మధ్య భాగంలో 21 అడుగుల పొడవు దాటిన బండ్లని వెళ్ళనివ్వరు. ట్రైలర్ కింద వదిలేసి కార్లో వెళ్ళాల్సిందే. కొలరాడోలో యూరే, సిల్వర్టన్ మధ్య యూఎస్ 550 చాలా అందంగా ఉంటుంది, లోయ వైపు చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. లాగేవాళ్ళు లాగుతారు. నేను కార్లో మాత్రమే వెళ్ళాను, ఇంకెప్పుడూ అలాగే వెళ్తాను.

కొలరాడో కొండల్లో జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములు, వడగళ్ళు మామూలే. పొద్దున్నే బయల్దేరి రెండు గంటలకల్లా క్యాంప్‌కి చేరేలా పెట్టుకోండి. తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోకండి, డెన్వర్ వాళ్ళందరూ ఆ రోడ్డు మీదే ఉంటారు.

ఇక క్యాంప్‌గ్రౌండ్. మోడల్ పేరులో 25 అని ఉంది కదా అని 25 అడుగుల సైట్ బుక్ చేస్తే వచ్చి ఏడుస్తారు. ఆ అంకె చాలాసార్లు గది పొడవు మాత్రమే. హిచ్ కొన నుంచి వెనక బంపర్ దాకా టేప్ పెట్టి కొలవండి, 29 అడుగుల దాకా రావచ్చు. ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళ క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు చిన్న ట్రైలర్ల రోజుల్లో కట్టినవి, మలుపులు ఇరుకు, చెట్లు రోడ్డు మీదికే ఉంటాయి. రిక్రియేషన్.గవ్‌లో ప్రతి సైట్‌కీ డ్రైవ్‌వే పొడవు, వాలు రాసి ఉంటాయి. ఫొటోలు కూడా చూడండి. చాలా చోట్ల ఆరు నెలల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది, మంచి సైట్లు నిమిషాల్లో అయిపోతాయి. ఎల్లోస్టోన్‌లో కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ మూడూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి గట్టి గోడలున్న ట్రైలర్లకే చోటిస్తారు, గుడ్డ గోడల పాప్-అప్‌లకి లేదు. ఏ క్యాంప్‌లో ఉన్నా తిండి, చెత్త, టూత్‌పేస్ట్ కూడా బయట బల్ల మీద వదలకండి. మన పోపు వాసన అడవంతా తెలుస్తుంది.

రివర్స్ పెట్టడం గురించి అందరూ పెద్ద కథలు చెప్తారు. చిట్కా ఒకటే. స్టీరింగ్ అడుగు భాగం, ఆరు గంటల ముల్లు ఉండే చోట, పట్టుకోండి. ట్రైలర్ వెనక భాగం ఎటు వెళ్ళాలో చెయ్యి అటు జరపండి. కొంచెం కొంచెం. తప్పితే ముందుకి లాగి మళ్ళీ మొదలుపెట్టండి, ఎవరూ నవ్వరు. వెనక నిలబడి చూసేవాళ్ళు చేతులూపితే అద్దంలో సగం కనబడదు. ఫోన్ స్పీకర్లో మాట్లాడుకోండి. "కుడి, ఎడమ" అనొద్దు, "డ్రైవర్ వైపు, అటువైపు" అనండి. సగం కాపురాలు క్యాంప్‌గ్రౌండ్లలో రివర్స్ దగ్గరే చెడతాయని మా ఫ్రెండ్స్ అంటుంటారు, ఆ మాట మరీ అతిశయోక్తి కాదు.

నిలిపాక అటూఇటూ లెవెల్ ముందు, హిచ్ విప్పడం తర్వాత. ఎడమ కుడి సమంగా లేకపోతే పలకల మీదికి ఎక్కించాలి, బండి తగిలి ఉన్నప్పుడే అది కుదురుతుంది. చక్రాలు దొర్లకుండా రెండు వైపులా అడ్డుచెక్కలు గట్టిగా పెట్టాకే హిచ్ విప్పండి. ఒకసారి తొందరలో అడ్డుచెక్కలు పెట్టకుండా విప్పాను. ట్రైలర్ నాలుగంగుళాలు జరిగి చెట్టు వేరు తగిలి ఆగింది. ఆ వేరు లేకపోతే కింద వాగు ఉంది.

నీళ్ళు ఇంటినుంచి ట్యాంకు నిండా మోసుకెళ్ళకండి. గ్యాలన్ 8.34 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకంటే 330 పౌండ్ల పైన. కాసిని ఉంచుకుని, క్యాంప్ దగ్గర్లో కుళాయి ఉందో లేదో ముందే కనుక్కుని అక్కడ నింపండి. తొమ్మిది వేల అడుగుల మీద జులైలోనూ రాత్రి చలేస్తుంది, హీటర్ ఫ్యాన్ బ్యాటరీని తింటుంది. మామూలు 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, రాత్రంతా ఆగి ఆగి తిరిగే ఫ్యాన్ అందులో చాలా భాగం పట్టుకుపోతుంది. హుకప్ (కరెంటు, నీళ్ళ కనెక్షన్) లేని చోట రెండు రాత్రులు ఉండాలంటే సోలార్ పలకో, చిన్న జనరేటరో కావాలి. ఎత్తుకి పోయేకొద్దీ జనరేటర్‌కి కూడా మీ ఇంజిన్ లాగే ఊపిరి తగ్గుతుంది, రాసినంత పవర్ ఇవ్వదు. దాన్ని నడిపే వేళలు క్యాంప్ బోర్డు మీద రాసి ఉంటాయి. కుక్కర్ మర్చిపోకండి, ఆ ఎత్తులో నీళ్ళు 91 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి, కందిపప్పు గిన్నెలో పెడితే గంటన్నర అయినా పలుకులే.

అమ్మానాన్నల గురించి మీరు అడగలేదు, కానీ నన్నడిగితే ఈ ట్రిప్‌లో ట్రైలర్ కంటే ముందు ఆలోచించాల్సింది అదే. విమానం దిగిన వారంలో ఎనిమిది తొమ్మిది వేల అడుగుల ఎత్తులో పడుకోబెడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఏదైనా ఉంటే డాక్టర్ని అడగకుండా తీసుకెళ్ళకండి. డెన్వర్‌లో రెండు మూడు రాత్రులు ఉంచి అలవాటు చేసి, తర్వాత మెల్లగా ఎక్కండి. అక్కడికెళ్ళాక తలనొప్పి తగ్గకపోతే, ఆయాసం వస్తే, తడబడుతుంటే ఇంకేం ఆలోచించకుండా కిందికి దిగాలి. అర్ధరాత్రి అయినా సరే. అందుకే క్యాంప్‌లో హిచ్ విప్పేసి బండి ఎప్పుడూ బయటికి తిరిగి ఉండేలా పెడతాను.

ఇన్ని చెప్పాక మరి ఏం చేయాలి? మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది చిన్న ట్రైలర్. నిండు బరువు పరిమితి, అంటే జీవీడబ్ల్యూఆర్, 5,000 దగ్గర ఉన్నది. 4,700 కి నింపితే టంగ్ వెయిట్ 590, హిచ్ 90, కలిపి 680. మీ 1,480లో 800 మిగులుతుంది, ఆరుగురికి 760 సరిపోతుంది. ఒళ్ళో సంచులు తప్ప కార్లో ఇంకేమీ పెట్టలేరు, కూలర్లు కూడా ట్రైలర్‌లోకే. కానీ అంత చిన్నదాంట్లో ఆరుగురు పడుకోవడం అంటే, వాన పడ్డ రోజు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకోవడమే. రెండోది, మీరు చూసిన ట్రైలరే కావాలంటే బండి మార్చడం. త్రీ-క్వార్టర్ టన్ పికప్‌లో, అంటే ఎక్కువ బరువు మోసే పెద్ద పికప్ ట్రక్‌లో, ఈ లెక్కలన్నీ తేలిగ్గా సరిపోతాయి, రోజూ ఆఫీసుకి దాన్ని నడపడం మీకిష్టమైతే.

మూడోది నాకు నచ్చింది. చిన్న ట్రైలర్ ఈ ఏడాది కొనకుండా అద్దెకి తీసుకోండి, మీ నలుగురూ అందులో ఉండండి. అమ్మానాన్నలు రెండో కార్లో రావాలి, తోలేది మీ ఆవిడైనా సరే, మీరైనా సరే. రాత్రికి వాళ్ళకి కాస్త కింద ఊళ్ళో గది తీసుకోండి. పొద్దున్న వచ్చి సాయంత్రం దాకా మీతో ఉంటారు, స్నానానికి వేడినీళ్ళు, రాత్రి బాత్రూం అన్నీ వాళ్ళకి దగ్గర్లో ఉంటాయి. బండిలో ముగ్గురి బరువు తగ్గింది, లెక్క కూడా సుఖంగా కుదిరింది. ఎల్లోస్టోన్ వచ్చే ఏడాదికి పెట్టుకుని, ఈసారి డెన్వర్‌కి రెండు మూడు గంటల దూరంలో ఒకటి రెండు క్యాంప్‌లు చేయండి. మొదటి ట్రిప్‌లోనే ఐదు వందల మైళ్ళ కొండలు అవసరం లేదు.

ఏది తీసుకున్నా, మొదటి ట్రిప్‌కి ముందు నిండా సర్దుకుని, మనుషులందర్నీ ఎక్కించుకుని హైవే పక్క ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ మీద తూయించండి. కొద్ది డబ్బుతో ఒక్కో ఇరుసు మీద ఎంత పడుతోందో కాగితం చేతికిస్తారు. నేను పైన వేసినవన్నీ అంచనాలు, ఆ కాగితం మీదివి మీ అసలు అంకెలు.

ట్రైలర్‌కి అడ్వాన్స్ కట్టకముందు తలుపు స్టిక్కర్ మీది అంకె, ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్, ఆరుగురి బరువులు ఇక్కడ రాయండి. బ్రేక్ కంట్రోలర్ బండిలో ఉందో లేదో కూడా చెప్పండి. లెక్క మళ్ళీ వేసి చూద్దాం.